పాతికేళ్ల పెళ్లిరోజుకు హుస్సేన్‌సాగర్ ఒడ్డున రెండు రాత్రులు

ప్రశ్న: మాది కర్నూలు. నేను గవర్నమెంటు స్కూల్లో టీచర్‌ని. మావారికి ఎరువుల కొట్టు ఉంది. ఈ డిసెంబరులో మా పెళ్లికి పాతికేళ్లు నిండుతాయి. హైదరాబాద్‌కు లెక్కలేనన్నిసార్లు పోయాం. అత్తయ్య కంటి ఆపరేషన్‌కు, అమ్మాయి కాలేజీ అడ్మిషన్‌కు, చుట్టాల పెళ్లిళ్లకు. ఎప్పుడు పోయినా అత్తాపూర్‌లో మావారి అక్కయ్య ఇంట్లోనే దిగుతాం, పని చూసుకుని వచ్చేస్తాం. మా అమ్మాయి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. ‘ఈసారి మీరిద్దరే స్టైల్‌గా ఎక్కడికైనా వెళ్లి రండి’ అని తన డబ్బు కూడా కలిపి అరవై వేలు చేతిలో పెట్టింది. చెరువు కనపడే గదిలో ఉండాలని, ఒక్కసారైనా ఫలక్‌నుమా ప్యాలెస్ లోపలికి వెళ్లాలని నాకు ఎప్పటినుంచో కోరిక. మావారేమో ‘ఆ ఊరు మనం చూడందా, ఊటీ పోదాం’ అంటున్నారు. దొరికేది రెండు రాత్రులే. ఆయన శనివారం మాంసం ముట్టరు. హోటల్లో దిగితే వదిన నొచ్చుకుంటుందేమోనని ఒక భయం. అంత పెద్ద హోటళ్లలో ఎలా మసలుకోవాలోనని ఇంకో టెన్షన్. ఎలా ప్లాన్ చేసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, బి.క్యాంపు, కర్నూలు

జవాబు: హైదరాబాదే వెళ్లండమ్మా. ఊటీ మంచి ఊరే, కానీ కర్నూలు నుంచి రెండు రాత్రుల కోసం ఊటీ పోతే రోజులన్నీ ప్రయాణానికే సరిపోతాయి. ఘాట్ రోడ్డు ఎక్కి దిగి, నడుం నొప్పితో ఇల్లు చేరతారు. హైదరాబాద్ మీకు 215 కిలోమీటర్ల లోపే. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి గదిలో ఉంటారు.

‘ఆ ఊరు చూడందా’ అన్న మీవారి మాటకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మీరు చూసింది ఆస్పత్రి వరండాలు, కాలేజీ ఆఫీసు కౌంటర్లు, ఫంక్షన్ హాళ్లు. 1956లో రాజధాని మన కర్నూలు నుంచి అక్కడికి తరలిపోయింది మొదలు సీమవాళ్లకు హైదరాబాద్ అంటే పనిబడితే పోయే ఊరే అయింది. ఫైలు చంకన పెట్టుకుని పోవడం, పని కాగానే సాయంత్రం బస్సు ఎక్కేయడం. ఈసారి ఏ పనీ పెట్టుకోకుండా వెళ్లండి. ‘ఎలాగూ వెళ్తున్నాం కదా, ఆ డాక్టరుకు ఒకసారి చూపించుకుందాం, ఆ కంపెనీ డీలర్‌ను కలిసొద్దాం’ అని మీవారు అంటారు. ఒప్పుకోకండి. ఒక్క పని చొరబడిందంటే ఈ ట్రిప్పు కూడా పాత ట్రిప్పుల్లాగే అయిపోతుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్తాను. స్టైల్ అంటే ఖరీదు అనుకుని చాలామంది మూడు రోజుల్లో పది చోట్లు కుక్కుతారు. గోల్కొండ, జూ, రామోజీ ఫిల్మ్ సిటీ, స్నో వరల్డ్, శిల్పారామం, రాత్రికి మాల్. ఇంటికొచ్చాక ఏది ఎక్కడ చూశామో కూడా గుర్తుండదు. మీరు రోజుకు ఒక్క పెద్ద కార్యక్రమమే పెట్టుకోండి. రామోజీ ఫిల్మ్ సిటీ ఊరికి బయట, ఒక రోజంతా తినేస్తుంది, వద్దు. దుర్గం చెరువు, హైటెక్ సిటీ వైపు కూడా ఈసారి వద్దు, సాయంత్రం ట్రాఫిక్‌లో అటు పోయి రావడానికే మీ ఓపిక అయిపోతుంది. మీరు కోరింది రెండే: చెరువు, ఫలక్‌నుమా. వాటి చుట్టూనే ప్లాన్ చేద్దాం.

రోజుల సంగతి. డిసెంబరు రెండో శనివారం మీకు స్కూలు సెలవు. దానికి ముందు శుక్రవారం ఒక సీఎల్ పెట్టండి. శుక్రవారం పొద్దున బయల్దేరి ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరతారు. ఇలా పెట్టుకోవడంలో ఇంకో లాభం ఉంది. పాతబస్తీలో చౌమహల్లా ప్యాలెస్‌కు, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. తెలియక శుక్రవారం పోయి గేటు చూసి వచ్చేవాళ్లు ఎంతోమంది. పైగా ఆరోజు మధ్యాహ్నం మక్కా మసీదు దగ్గర నమాజు రద్దీ ఉంటుంది. కాబట్టి శుక్రవారం చెరువుకు, శనివారం పాతబస్తీకి. వాతావరణానికి కూడా డిసెంబరే మంచిది. ఎండాకాలంలో హుస్సేన్‌సాగర్ నీళ్లు వాసన కొడతాయి, ఆ మాట దాచడం ఎందుకు. ఊళ్లోని మురుగు చాలా ఏళ్లుగా అందులో కలిసింది. చలికాలంలో ఆ బాధ తక్కువ, కట్ట మీద గాలి హాయిగా ఉంటుంది. రాత్రికి ఒక శాలువా దగ్గర పెట్టుకోండి.

కారులోనే వెళ్లండి. సామాను గోల ఉండదు, తిరుగు ప్రయాణంలో అత్తాపూర్‌లో ఆగడానికి వీలవుతుంది. ఆ సంగతి తర్వాత చెప్తాను. అయితే హైదరాబాద్‌లో దిగాక కారు హోటల్ పార్కింగ్‌లోనే ఉండాలి. పాతబస్తీ సందుల్లో మీవారు స్టీరింగ్ పట్టుకుంటే ఆయనా చిరాకు పడతారు, మీరూ పడతారు, పెళ్లిరోజు కాస్తా అలకలో గడుస్తుంది. శనివారానికి డ్రైవర్‌తో సహా కారు అద్దెకు తీసుకోండి. ట్రావెల్స్ వాళ్ల దగ్గర ‘8 గంటలు, 80 కిలోమీటర్లు’ అని ప్యాకేజీ ఉంటుంది, అది చాలు. శుక్రవారం దారిలో బీచుపల్లి ఆంజనేయస్వామికి దండం పెట్టుకోవడం మన అలవాటు, అక్కడ కాసేపు ఆగండి. అంతకు మించి దారిలో ఏమీ పెట్టుకోకండి. ఆరాంఘర్ దాటాక పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే మెహదీపట్నంలో దిగుతారు. అక్కడి నుంచి మాసాబ్‌ట్యాంక్, లక్డీకాపూల్ మీదుగా చెరువు దగ్గరికి వచ్చేస్తారు.

ఇప్పుడు గది. చెరువు చుట్టూ పెద్ద హోటళ్లు రెండు వైపులా ఉన్నాయి, ఏ వైపు దిగుతారన్నదాన్ని బట్టి కిటికీలో కనిపించేది మారిపోతుంది. ట్యాంక్‌బండ్ చెరువుకు తూర్పున ఉంది. ఆ వైపు మారియట్ లాంటి హోటల్లో చెరువు కనిపించే గది తీసుకుంటే పొద్దు నీళ్ల మీదుగా కుంకుతుంది. సోమాజిగూడ చెరువుకు పడమర. ఆ వైపు ది పార్క్ లాంటి హోటల్లో అయితే పొద్దు నీళ్ల మీదుగా పొడుస్తుంది. మీకు నేను ట్యాంక్‌బండ్ వైపే చెప్తాను. గదిలో సామాను పెట్టి నాలుగడుగులు వేస్తే కట్ట మీద ఉంటారు, ఆటో కూడా అక్కర్లేదు. బుక్ చేసేటప్పుడు ‘లేక్ వ్యూ’ అని విడిగా ఉన్న రకాన్నే ఎంచుకోండి. మామూలు గది తీసుకుని కౌంటర్ దగ్గర బతిమాలితే ఇస్తారన్న నమ్మకం లేదు. తర్వాత హోటల్‌కు ఫోన్ చేసి పై అంతస్తులో ఇమ్మనండి, పాతికేళ్ల పెళ్లిరోజని చెప్పండి. మొహమాటపడకండి. చాలా హోటళ్లు అలాంటి రోజున గదికి కేకో పూలో పంపుతాయి.

ధర చూసేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. గది అద్దె రోజుకు ₹7,500 లోపుంటే జీఎస్టీ 5 శాతం. ఆ గీత దాటితే 18 శాతం. చెరువు కనిపించే గది ఆ గీత దాటుతుందనే అనుకోండి. యాప్‌లో పెద్ద అక్షరాలతో కనిపించే రేటు చాలాసార్లు టాక్స్ కలపనిది, చివరి పేజీలో వచ్చే మొత్తాన్నే చూడండి. ఈ స్థాయి హోటళ్లలో భోజనం బిల్లు మీద కూడా 18 శాతం పడుతుంది. అందుకే బ్రేక్‌ఫాస్ట్ కలిపి ఉన్న రేటు తీసుకుని, మిగతా తిండి ఎక్కువగా బయటే పెట్టుకోండి. డిసెంబరు పెళ్లిళ్ల సీజన్, శనాదివారాల్లో గదులు త్వరగా నిండిపోతాయి. క్యాన్సిల్ చేసుకునే వీలున్న రేటుకు ఇప్పుడే బుక్ చేసేయండి.

మీ అరవై వేలను నేనైతే ఇలా విడగొడతాను. గదికి టాక్సుతో కలిపి రెండు రాత్రులకు ₹28,000 దాటనివ్వను. ఫలక్‌నుమాకు ₹12,000 పక్కన పెడతాను. పెట్రోలు, టోలు, శనివారం కారు కలిపి ₹8,000. బయట తిండికి, గాజులకు, వదిన వాళ్లకు తీసుకెళ్లే వాటికి ₹7,000. మిగిలిన ₹5,000 ముట్టుకోను. రేట్లు అటూ ఇటూ అయితే ఆ ఐదు వేలు ఆదుకుంటాయి, కాకపోతే అమ్మాయికి ఏదైనా కొనిపెట్టండి.

హోటల్లో ఎలా మసలుకోవాలో అన్నారు. అందులో భయపడేదేమీ లేదు, ఒకటి రెండు సంగతులు ముందే తెలిస్తే చాలు. చెక్-ఇన్ సాధారణంగా మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు. ఇద్దరి ఆధార్ కార్డులూ అడుగుతారు. డిపాజిట్ కింద కార్డు మీద కొంత మొత్తం ఆపి ఉంచుతారు, ఖాళీ చేశాక విడుదల చేస్తారు. ఎంత ఆపుతున్నారో ఆ కౌంటర్ దగ్గరే అడగండి. తాళం బదులు కార్డు ఇస్తారు. తలుపు తీశాక పక్క గోడకు ఒక చిన్న గాడి ఉంటుంది, కార్డు అందులో పెడితేనే లైట్లు, ఏసీ పనిచేస్తాయి. గదిలో పెట్టిన నీళ్ల సీసాలు, టీ పొడి, కెటిల్ మామూలుగా ఉచితం. చిన్న ఫ్రిజ్‌లో ఉన్న చాక్లెట్లు, కూల్‌డ్రింకులకు మాత్రం బిల్లు వేస్తారు. బట్టలు ఇస్త్రీకి ఇవ్వకండి, ఇస్త్రీ పెట్టె అడిగితే గదికే తెచ్చిస్తారు. బ్రేక్‌ఫాస్ట్ దగ్గర మొదట ప్లేటు పట్టకుండా ఒకసారి చుట్టూ నడిచి ఏమేం ఉన్నాయో చూడండి. దోశె, ఆమ్లెట్టు వేడివేడిగా వేసిచ్చే చోటు విడిగా ఉంటుంది. ఎన్నిసార్లు లేచి వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు. అన్నిటికన్నా ముఖ్యంగా తెలుగులోనే మాట్లాడండి. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది తెలుగు పిల్లలే. రోజూ నలభైమంది పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పే మనిషి మీరు, ఒక రిసెప్షన్ కౌంటర్ మీకు లెక్కా!

శుక్రవారం మధ్యాహ్నం గదిలో దిగి ఒక కునుకు తీయండి. సాయంత్రం అయిదు గంటలకు కట్ట మీదికి రండి. డిసెంబరులో పొద్దు అయిదూ ముప్పావు ప్రాంతంలోనే వాలిపోతుంది, ఆలస్యం చేస్తే చీకటే మిగులుతుంది. మీరు నిలబడే ఆ కట్ట, ఆ చెరువు హైదరాబాద్ కంటే పాతవి. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1563 ప్రాంతంలో హుస్సేన్‌షా వలీ ఈ చెరువు కట్టించారు. చార్మినార్ లేచింది 1591లో. కట్టకు అటు సికింద్రాబాద్, ఇటు హైదరాబాద్. కట్ట పొడవునా తెలుగు ప్రముఖుల విగ్రహాలు ఉన్నాయి, ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా పెట్టించినవి. కారులో పోతే అవి ఎవరివో తెలియదు, నడిస్తేనే పేర్లు చదవగలం. మీరు టీచర్ కదా, ఆగి చదవండి. అన్నమయ్య, మొల్ల, వీరబ్రహ్మం అందరూ మన కడప వైపు వాళ్లే, వాళ్ల పక్కన నిలబడి ఒక ఫొటో దిగండి.

నడిచి అలిసిపోతే ఆటోలో లుంబినీ పార్కుకు వెళ్లి పడవ ఎక్కి బుద్ధ విగ్రహం దగ్గరికి పోండి. దూరం నుంచి చూసినప్పుడు తెలియదు కానీ కింద నిలబడితే దాని పరిమాణం ఏమిటో తెలుస్తుంది. 18 మీటర్ల ఎత్తు, సుమారు 350 టన్నుల బరువు, అంతా ఒకే రాయి. భువనగిరి దగ్గరి రాయగిరి కొండ రాయిని గణపతి స్థపతి బృందం చెక్కింది. 1990 మార్చిలో బార్జి మీద చెరువు మధ్యకు తీసుకెళ్తుండగా బార్జి ఒరిగి విగ్రహం మునిగిపోయింది. మనుషులు కూడా చనిపోయారు. రెండేళ్లకు పైగా విగ్రహం నీళ్ల అడుగునే ఉంది. 1992 డిసెంబరులో పైకి తీసి ఇప్పుడున్న చోట నిలబెట్టారు. మన తరానికి ఆ రోజుల పేపర్లు గుర్తుండే ఉంటాయి. మీవారు ఆ సంగతి చెప్పుకుంటూ పడవలో కూర్చుంటారు చూడండి.

ఆ రాత్రికి బిర్యానీ. శనివారం ఎలాగూ కుదరదు కాబట్టి శుక్రవారమే ముగించేయండి. ట్యాంక్‌బండ్ నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బావర్చి దగ్గర, సికింద్రాబాద్ ప్యారడైజ్ కొంచెం దూరం. 1953లో సినిమా హాల్ క్యాంటీన్‌గా మొదలైన ప్యారడైజ్‌లో కుదురుగా ఏసీ హాల్లో కూర్చుని తినొచ్చు, పెళ్లిరోజు భోజనానికి నేను దానికే ఓటేస్తాను. చివర్లో ఖుబానీ కా మీఠా వదలకండి.

శనివారం పొద్దున్నే స్నానాలు చేసి బిర్లా మందిరం వెళ్లండి. శనివారం నియమం పాటించే మీవారికి అంతకన్నా ఏం కావాలి, అక్కడ కొలువున్నది వెంకటేశ్వరస్వామే. నౌబత్ పహాడ్ మీద తెల్ల పాలరాతితో 1976లో కట్టిన గుడి. పైనుంచి చెరువంతా కనిపిస్తుంది. గుళ్లో గంటలు ఉండవు, ఆ నిశ్శబ్దమే దాని అందం. ఫోన్లు లోపలికి రానివ్వరు కాబట్టి గదిలోనే వదిలేసి పోతే క్లోక్‌రూమ్ దగ్గర లైను తప్పుతుంది. శనివారం జనం ఎక్కువ, ఎంత పెందరాళే వెళ్తే అంత మంచిది. తొమ్మిదిన్నరకు హోటల్‌కు వచ్చి తాపీగా బ్రేక్‌ఫాస్ట్ చేస్తే మధ్యాహ్నం భోజనం అక్కర్లేదు.

మధ్యాహ్నం కారెక్కే ముందు బట్టల సంగతి. ఫలక్‌నుమాకు ఏం కట్టుకోవాలని మీరు అడగలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. గద్వాల చీర కట్టుకోండి. మనకు పక్కనే నేసే చీర. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, రెండింటినీ మగ్గం మీదే కలిపి నేస్తారు. పట్టుచీరలా బరువుండదు, పాతబస్తీలో రెండు గంటలు నడిచినా ఒంటికి అంటుకోదు. అదే చీర సాయంత్రం ప్యాలెస్ దీపాల కింద అంచు మెరుస్తూ నిండుగా ఉంటుంది. మధ్యలో గదికి వచ్చి చీర మార్చుకునే శ్రమ తప్పుతుంది. మీవారికి ఇస్త్రీ చేసిన ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ప్యాంటు, షూ. చెప్పులు వద్దు. మీరు మాత్రం హీల్స్ జోలికి పోకండి, చౌమహల్లాలో రాతి నేల, పాతబస్తీలో గతుకులు.

చౌమహల్లా నిజాముల దర్బారు. పద్దెనిమిదో శతాబ్దంలో మొదలుపెట్టి పందొమ్మిదో శతాబ్దంలో పూర్తిచేశారు. దర్బార్ హాల్లో 19 షాండ్లియర్లు వేలాడుతుంటాయి. నిజాం కూర్చునే పాలరాతి గద్దె ఇప్పటికీ అలాగే ఉంది. ఈ ప్యాలెస్‌ను బాగుచేసిన తీరుకు 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు ఇచ్చింది. వెనకవైపు పాత కార్ల షెడ్డు ఉంది, అందులో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉంది. మీవారు అక్కడే ఆగిపోతారు, ఆగనివ్వండి. మీరు లోపలి తోటలో నీళ్ల తొట్టి పక్కన నీడలో కూర్చోండి. సాలార్‌జంగ్ మ్యూజియం కూడా దగ్గరే కదా అని ఆశ పుడుతుంది. అమ్మాయి చిన్నప్పుడు చూసే ఉంటారు, ఈసారికి వదిలేయండి, మరోసారి వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

అక్కడి నుంచి లాడ్‌బజార్ నడిచే దూరమే. చార్మినార్ చుట్టూ కార్లను రానివ్వరు, డ్రైవర్‌ను ఎక్కడ కలవాలో ముందే మాట్లాడుకోండి. గాజుల దుకాణాల్లో ముందువైపు తళతళలాడేవి చూసి కొనేయకండి. లక్క గాజులు మీ ఎదురుగా చేసి ఇచ్చే చోటు అడిగి వెళ్లండి. నిప్పుల పక్కన కూర్చుని లక్కను మెత్తబరిచి సన్నటి కడ్డీలా సాగదీస్తారు. దాన్ని గుండ్రంగా తిప్పి మీ చేతి కొలతకు అతికిస్తారు. వేడి ఆరేలోపు ఒక్కో రాయిని పట్టకారుతో పట్టి లక్కలోకి నొక్కుతారు. రాయి ఏ మాత్రం వంకరగా దిగినా మళ్లీ వేడి చూపించి సరిచేస్తారు. ఆ పని చూస్తే బేరం ఆడబుద్ధి కాదు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి ప్రత్యేక సరుకన్న ముద్ర, వచ్చింది. మీ చీర అంచు రంగు చూపించి ఒక జత చేయించుకోండి, మీ వదినకు ఒక జత. ముత్యాల జోలికి పోకండి. పత్తర్‌గట్టీలో మంచి దుకాణాలే ఉన్నాయి కానీ ముత్యాలు తొందరలో కొనేవి కావు.

ఇక ఫలక్‌నుమా. పైగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా 1884లో కొండ మీద మొదలుపెట్టిన ప్యాలెస్ అది, తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చింది. 2010 నుంచి తాజ్ వాళ్ల హోటల్. సీజన్‌లో ఒక్క రాత్రి బసకే మీ డబ్బులో చాలా భాగం పోతుంది, అందుకని అక్కడ గది వద్దు. బస చేయకపోయినా ముందే బుక్ చేసుకుంటే సాయంత్రం హై టీకి, అంటే టీతో పాటు వడ్డించే ఫలహారాలకు, వెళ్లొచ్చు. రాత్రి డిన్నర్ కూడా ఉంది కానీ మీకు హై టీయే సరైనది. శాకాహారం పేచీ ఉండదు, వెలుతురు ఉండగానే చేరతారు, ఖర్చూ తక్కువ. బుకింగ్ లేకపోతే గేటు దాటనివ్వరు. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మూడు అడగండి: టాక్సుతో కలిపి ఇద్దరికీ ఎంత, గుడ్డు కూడా లేని శాకాహారం విడిగా ఇస్తారా, ప్యాలెస్ లోపలి గదులు చూపిస్తారా. ఆ మూడోది ముఖ్యం. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల, పాత లైబ్రరీ లోపల ఉన్నాయి, అవి చూడకుండా టీ తాగి వచ్చేస్తే వెలితిగా ఉంటుంది. చెప్పిన టైముకు పావుగంట ముందే గేటు దగ్గర ఉండండి. కప్పు చేత్తో పట్టుకుని కంగారు పడకండి, రెండు గంటలు కూర్చోవడానికే ఆ డబ్బు ఇస్తున్నారు. పొద్దువాలే వేళకు బయటి మెట్ల మీదికి రండి, కింద పాతబస్తీలో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటాయి. అమ్మాయికి వీడియో కాల్ చేసే చోటు అదే.

ఆ రాత్రి గదికి వచ్చాక పెద్దగా ఆకలి ఉండదు. గదికే ఒక పెరుగన్నం తెప్పించుకోండి.

ఇప్పుడు మీ వదిన విషయం. ఆమె నొచ్చుకుంటుందేమోనన్న మీ భయం ఉత్తది కాదు. ఇన్నేళ్లు ఆమె మీకు మంచాలు వేసింది, ఆస్పత్రికి క్యారియర్ మోసుకొచ్చింది. ‘కంపెనీ వాళ్లు రూమ్ ఇచ్చారు’ లాంటి అబద్ధం మాత్రం చెప్పకండి. వాట్సాప్ స్టేటస్‌లో ఒక్క ఫొటోతో బయటపడుతుంది, అప్పుడు నిజంగానే మనసు విరుగుతుంది. చెప్పకుండా వచ్చి చెప్పకుండా పోవడం ఇంకా తప్పు. వారం ముందు మీవారే ఫోన్ చేయాలి, మీరు కాదు. అక్కతో తమ్ముడు మాట్లాడితే ఆ మాట వేరుగా ఉంటుంది. ‘అక్కా, పిల్ల డబ్బులిచ్చి పంపిస్తోంది, రెండు రోజులు చెరువు దగ్గర హోటల్లో ఉంటాం. ఆదివారం మధ్యాహ్నం భోజనం నీ చేతిదే, నీ ఇంట్లోనే’ అని ఆయన నోటితో ఆయనే చెప్పాలి. వదిన ఇంటికి వెళ్లడం మొక్కుబడి కాకూడదు. ఆదివారం పొద్దున నెక్లెస్ రోడ్డు మీద కాసేపు నడిచి, బ్రేక్‌ఫాస్ట్ చేసి, పదకొండు గంటలకల్లా గది ఖాళీ చేసి నేరుగా అత్తాపూర్ పోండి. మీరు తిరిగి కర్నూలు పోయే దారి కూడా అటే. లక్క గాజులు మీ చేతులతో ఆమెకు తొడగండి, ఫలక్‌నుమా ఫొటోలు ఆమెకే ముందు చూపించండి. ఆమె కూడా అక్కడికి ఎప్పుడూ వెళ్లి ఉండకపోతే ఆమె పెళ్లిరోజు ఎప్పుడో కనుక్కోండి. భోజనం చేసి మూడు గంటలకు బయల్దేరితే మీవారికి హైవే మీద రాత్రి డ్రైవింగ్ పెద్దగా పడదు.

ఈ వారమే చేయాల్సినవి రెండు. ముందు ఫలక్‌నుమాకు ఫోన్ చేసి శనివారం హై టీకి టేబుల్ ఉందో లేదో కనుక్కోండి. ఆరోజు ఏదైనా పెళ్లికి ప్యాలెస్ అంతా ఇచ్చేసి ఉంటే టేబుల్ దొరకదు, అప్పుడు వారం మార్చుకోవాల్సి వస్తుంది. టేబుల్ ఖాయమైన రోజే గది బుక్ చేయండి. సీఎల్ కూడా ఆ తర్వాతే పెట్టండి.